బండిచక్రాల హోటలు మూతపడితే మనకెందుకు బాధ?

కావలి నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్నకు సమాధానంగా ఇది రాస్తున్నాను. ఆయన 1998 నుంచి 2011 వరకు దుబాయిలో ఏసీల మరమ్మతు పని చేశారు. ప్రతి నెలాఖరు గురువారం రాత్రి కావలి, ఉదయగిరి, కందుకూరు వైపు స్నేహితులు ఏడెనిమిది మంది కలిసి బర్ దుబాయిలోని ఒక కౌబాయ్ రెస్టారెంటుకు వెళ్లేవారట. గుమ్మానికి అటూ ఇటూ పెద్ద బండి చక్రాలు నిలబెట్టి ఉండటంతో మనవాళ్లు దాన్ని బండిచక్రాల హోటలు అనేవారు. అది ఈ మధ్య మూతపడిందని తెలిసిన రోజు నుంచి వాళ్ల వాట్సాప్ గుంపులో పాత ఫోటోలు, పాత కబుర్లు ఆగడం లేదు. అది చూసి ఆయన కుమారుడు, తిండి మనది కాదు, దేశం మనది కాదు, ఆ అమెరికా వేషం మనది కాదు, దానికోసం ఇంత బాధ ఎందుకు నాన్నా అని అడిగాడట. ఎప్పుడు వెళ్లినా నిండుగా కనిపించిన హోటలు ఎందుకు మూతపడింది, మా బాధలో అర్థం ఉందా, అందరం డబ్బు వేసుకుని అలాంటిదే నెల్లూరులో పెడితే నడుస్తుందా అన్నవి ఆయన ప్రశ్నలు.

తమ్ముడూ, మీరు చెప్పిన గుర్తులు చదివి కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. తోయగానే ఊగే పొట్టి రెక్కల తలుపులు, పైకప్పు నుంచి ఇనుప గొలుసులతో వేలాడే చక్రం, దాని చుట్టూ లాంతర్లు, ప్రతి బల్ల మీదా చిన్న బకెట్టులో వేరుసెనక్కాయలు, పొట్టు నేలమీదే వేయవచ్చని రాసిన చెక్క పలక, ఇవన్నీ కలిసి ఉన్న చోటు బర్ దుబాయిలో నాకు తెలిసి ఒక్కటే. అక్కడ నేను 1997లో వంటగదిలో సహాయకుడిగా చేరి, 2002లో హాలు సూపర్‌వైజరునై, 2014లో టంగుటూరుకు తిరిగి వచ్చేదాకా పనిచేశాను. తెలుగువాళ్ల గుంపులు చాలానే వచ్చేవి కనుక మీ ముఖాలు ప్రత్యేకంగా గుర్తున్నాయని చెప్పలేను. కానీ మీ బల్ల మీద నీళ్ల గ్లాసులు నా చేతులతో ఎన్నోసార్లు పెట్టి ఉంటాను.

మొదట మూతపడటం గురించి. ఇలాంటి హోటలులో పెట్టుబడిలో పెద్ద భాగం గోడలకే పోతుంది. జీను, తాడు, పొడవు కొమ్ముల పుర్రె, పాతబడినట్టు కనిపించే చెక్క, ఇవన్నీ విదేశం నుంచి తెప్పించి, బిగించి, ఏడాదికొకసారి బాగుచేయించాలి. పేరు వాడుకున్నందుకు అసలు కంపెనీకి అమ్మకాల్లో వాటా కట్టాలి. ఆ ఖర్చంతా రాబట్టేది మొదటిసారి వచ్చినవాళ్లు, అంటే పర్యాటకులు, పిల్లలతో వచ్చే కుటుంబాలు, పుట్టినరోజుల విందులు. వాళ్లు గోడలు చూసి ఆశ్చర్యపోతారు, ఖరీదైనవి తెప్పించుకుంటారు, గంటలో లేచిపోతారు. పదేపదే వచ్చేవాళ్లు గోడలు చూడరు. మీకు బాధ కలిగించినా నిజమే చెప్పాలి: మీ బల్ల మాకు లాభం తెచ్చిన బల్ల కాదు. ఎనిమిది మంది, నాలుగు పళ్లాలు, మూడు గంటలు. వంటవాళ్లూ వడ్డించేవాళ్లూ మీలాంటి బల్లల కోసమే గురువారం ఎదురుచూసేవారు, లెక్కలు రాసేవాళ్లు మాత్రం ఎదురుచూసేవారు కాదు. హోటలును ఎక్కువగా ప్రేమించినవాళ్లే దాన్ని నిలబెట్టలేకపోవడం ఈ వ్యాపారంలో నేను చూసిన అత్యంత కష్టమైన విషయం.

మీరు చూసిన నిండుదనం గురువారం, శుక్రవారం రాత్రుల నిండుదనం. ఆదివారం నుంచి మంగళవారం దాకా యాభై బల్లల్లో పది నిండితే మేము సంతోషపడేవాళ్లం. ఆపైన ఊరే కదిలిపోయింది. 2008 చివరలో దుబాయి మాల్, 2009లో మెట్రో, 2010లో బుర్జ్ ఖలీఫా వచ్చాక, అంతకు ముందు క్రీక్ చుట్టూ, అంటే పాత ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చుట్టూ, తిరిగిన పర్యాటకులు డౌన్‌టౌన్ వైపు, మెరీనా వైపు పోయారు. 2018 జనవరి నుంచి 5 శాతం వ్యాట్, తరువాత ఇంటికి తెచ్చి ఇచ్చే యాప్‌ల కమీషను, 2020లో కరోనా. కౌబాయ్ హోటలు భోజనాన్ని అట్టపెట్టెలో పెట్టి పంపితే ఊగే తలుపులూ, పాటా, చక్రమూ పెట్టెలోకి రావు. పెట్టెలోకి వచ్చేవి చల్లబడిన కోడి రెక్కలు మాత్రమే. నేను వచ్చేసే నాటికే మా గోడల మీది చెక్క పెచ్చులు లేస్తోంది, మరమ్మతుకు డబ్బు అడిగితే వచ్చే ఏడాది అనే మాట వినిపిస్తోంది.

ఇది ఒక్క మన హోటలు కథ కాదు. 1991లో న్యూయార్కులో సినిమా తారల పేర్లతో మొదలై ప్రపంచమంతా శాఖలు తెరిచిన ప్లానెట్ హాలీవుడ్, 1999లోనే దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది. 1965లో పుట్టిన టీజీఐ ఫ్రైడేస్ 2024 నవంబరులో అమెరికాలో అదే దారి పట్టింది. మీకు బాగా గుర్తుండేది షేక్ జాయెద్ రోడ్డు పక్కన రెండు పెద్ద గిటార్లతో నిలబడిన హార్డ్ రాక్ కేఫ్ అయి ఉంటుంది. అది 1997లో తెరిచి 2009లో మూశారు. 2011లో ఆ పేరుతో ఫెస్టివల్ సిటీలో కొత్తది వచ్చినా, ఖాళీగా నిలబడిన పాత భవనాన్ని కూల్చవద్దని ఎందరో ప్రవాసులు ఫేస్‌బుక్‌లో గొంతెత్తారు. 2013లో కూల్చేశారు. అలా గొంతెత్తినవాళ్లలో చాలామంది అప్పటికే ఆ దేశం వదిలి వెళ్లిపోయినవాళ్లు.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. దీని మీద నేను చాలా ఏళ్లు ఆలోచించాను కనుక కాస్త వివరంగా రాస్తాను. దుబాయిలోనే కరామా పేటలో మన తెలుగు మెస్సులు ఉండగా, అన్నం, చేపల పులుసు అక్కడ దొరుకుతుండగా, నెలకు ఒకసారి 40 దిర్హాములు పోసి మీరు ఈ హోటలుకే ఎందుకు వచ్చారో గుర్తుచేసుకోండి. దిర్హాము పదకొండు, పన్నెండు రూపాయలున్న కాలంలో, ఇంటికి పంపాల్సిన డబ్బులోంచి అది చిన్న మొత్తం కాదు. మెస్సులో కూర్చుంటే ఏ ఊరు, ఎవరి తాలూకు, జీతమెంత, చెల్లెలి పెళ్లి కుదిరిందా, ఏజెంటు అప్పు తీరిందా అని అడిగేవారు. ప్రేమతోనే అడిగేవారు. కానీ వారమంతా ఎండలో మేడల మీద ఏసీలు విప్పి వచ్చినవాడికి ఒక్క రాత్రి ఎవరూ ఏమీ అడగని చోటు కావాలి. పెద్ద హోటళ్ల మెట్లెక్కితే ద్వారం దగ్గర మనిషి చెప్పుల వైపు చూసేవాడు. మా హోటలులో గుమ్మం దగ్గర నిలబడే ఫిలిప్పీన్స్ అమ్మాయి అందరికీ ఒకే మాటతో స్వాగతం చెప్పి, అందరినీ ఒకే బల్లల మీద కూర్చోబెట్టేది. ఆ హోటలు టెక్సాస్ అని చెప్పుకునేది, లోపల ఉన్నవాళ్లలో టెక్సాస్ చూసినవాళ్లు ఎందరు? వంటవాడిది కోళికోడు, పాట పాడేవాళ్లది మనీలా, మేనేజరుది కైరో, గిన్నెలు కడిగే కుర్రాడిది పోఖరా, నాది టంగుటూరు. అక్కడ అందరమూ సమానంగా పరాయివాళ్లం, అందుకే ఎవరమూ పరాయిగా లేము. మీ అబ్బాయికి ఈ ఒక్క సంగతి చెబితే చాలునని నా అభిప్రాయం.

తిండి మనది కాదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. మా మెనూలో ఎక్కువ భాగం గొడ్డుమాంసమే. ఒంగోలు ఎద్దులను సాకిన ఇంట్లో పుట్టిన నాకు ఆ పొయ్యి దగ్గర చేయి ఆడేది కాదు. చేరిన వారంలోనే పెద్ద వంటవాడికి విషయం చెబితే ఆయన నవ్వకుండా, ప్రశ్నించకుండా, నన్ను కోడి, చేపల వైపు మార్చాడు. ఆ మర్యాదను నేను ఈనాటికీ మరిచిపోలేదు. మీ బల్లకు వచ్చిన ఫహీతా అనే మెక్సికో తరహా కోడి చిటపటలాడుతున్న ఇనుప పెనం మీద ఎక్కువ పచ్చిమిరపకాయలతో వచ్చేది కదా, అలా వేయమని వంటగదిలోకి చెప్పినవాడిని నేనే. తెలుగు మాట వినిపించిన బల్లలకల్లా అలాగే పంపించేవాళ్లం. సాయంత్రం నాలుగున్నరకు సిబ్బంది భోజనంలో నెలకొక రోజు నా వంతు వచ్చేది. వంజరం ముక్కలు, కరామా నుంచి తెచ్చిన చింతపండు, దొరికితే పచ్చిమామిడి వేసి పులుసు పెట్టి, మరునాటికి ఊరాలని ఒక గిన్నె దాచేవాణ్ని. రాత్రి పన్నెండు దాటాక కౌబాయ్ టోపీలు పక్కన పెట్టి మనీలా గాయకులు ఆ పులుసు అన్నంలో కలుపుకొని తినేవారు.

మరొక విషయం. వంటగదికి వెళ్లే దారిలో గోడ మీద ఒక పెద్ద ఫోటో ఉండేది. రోడియోలో, అంటే ఎగిరే పశువు మీద నిలదొక్కుకునే కౌబాయ్ పోటీలో, ఎద్దు మీంచి కుర్రవాడు ఎగిరిపడుతున్న దృశ్యం. చేరిన మొదటి రోజే నేను ఆ ఎద్దు ముందు ఆగిపోయాను. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు, తెల్లని ఒళ్లు. శివరాత్రికి మా ఊళ్ల వైపు జరిగే బండలాగుడు పోటీల్లో కాడికి కట్టిన ఎద్దు అక్కడ నన్ను చూస్తున్నట్టు అనిపించింది. చాలా ఏళ్ల తరువాత, చమురు కంపెనీలో పనిచేసే ఒక అమెరికా పెద్దాయన ఆ జాతి పేరు బ్రాహ్మన్ అని, భారతదేశపు పశువుల నుంచి తమ దేశంలో తయారుచేసుకున్నదని చెప్పాడు. ఆ జాతి పెంపకందారుల సంఘం 1924లో ఏర్పడింది. అందులో కలిసిన రక్తాల్లో మన ఒంగోలు జాతి ఒకటి. బ్రెజిల్‌లో ఈ ఒంగోలు జాతిని నెలోర్ అంటారు, ఆ దేశపు మాంసం పశువుల్లో అత్యధిక భాగం అవే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కనుక ఓడలెక్కిన మన పశువులకు నెల్లూరు పేరు అంటుకుంది. మన పొలాల నుంచి పోయిన ఎద్దు టెక్సాస్ పోయి, అక్కడి నుంచి ఫోటోగా దుబాయి వచ్చి, గిన్నెలు మోసుకెళ్తున్న నా ఎదుట నిలబడింది. ఆ గోడ మనది కాదని మీ అబ్బాయి అంటే నేను ఒప్పుకోలేను. చేతులు కడుక్కునే చోట పరిచిన నల్లరాయి కూడా, బంగారు చుక్కలను బట్టి చూస్తే, మా చీమకుర్తిదే.

కౌబాయ్ కథలోనూ మన కథ ఉంది. నిజమైన కౌబాయ్‌లు సినిమాల్లో చూపినంతమంది లేరు, అన్నాళ్లూ లేరు. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిశాక, టెక్సాస్ పశువుల మందలను వందల మైళ్లు నడిపించి రైలు స్టేషన్లకు చేర్చే పని సుమారు ఇరవై ఏళ్లే బాగా సాగింది. ఆ పని చేసినవాళ్లు మంద యజమానులు కాదు. నెలజీతానికి కుదిరిన కుర్రవాళ్లు, వాళ్లలో నల్లవాళ్లు, మెక్సికోవాళ్లు చాలామంది. రోడియో, లాసో (పశువు మీదికి విసిరే ఉచ్చుతాడు) అన్న మాటలు కూడా స్పానిష్ నుంచి వచ్చినవే. 1874లో పేటెంటు పొందిన ముళ్లకంచె పచ్చికబయళ్లను ముక్కలు చేసింది, రైలు పట్టాలు మందల దగ్గరికే వచ్చాయి, పని పోయింది. పని పూర్తిగా పోకముందే, 1883లో, బఫెలో బిల్ అనే అమెరికా ప్రదర్శకుడు దాన్ని టిక్కెట్టు పెట్టి ప్రదర్శనగా చూపించడం మొదలుపెట్టాడు. అంటే మా గోడలకు వేలాడిన జీనూ తాడూ, ఇల్లు వదిలి జీతానికి పోయిన మనుషుల ముగిసిపోయిన పనికి గుర్తులు. వాటి కింద కూర్చుని ఇంటికి పంపాల్సిన డబ్బు లెక్కలు వేసుకున్న మీరు అక్కడ పొరపాటున కూర్చున్నవాళ్లు కారు. మీకు నచ్చుతుందని మరొకటి చెబుతాను. 1971లో లండన్‌లో మొదటి హార్డ్ రాక్ కేఫ్ తెరిచిన ఐజాక్ టిగ్రెట్, పీటర్ మోర్టన్ ఇద్దరూ అక్కడ ఉంటున్న అమెరికా యువకులు, తమ ఇంటివైపు దొరికే బర్గరు ఆ ఊళ్లో దొరకడం లేదనే దాన్ని పెట్టారు. ఈ తరహా హోటళ్లలో అంత పేరున్నది కూడా ఇంటి మీద బెంగతోనే పుట్టింది.

నెల్లూరులో పెట్టడం గురించి సూటిగా చెబుతాను: పెట్టవద్దు. తిరిగి వచ్చాక ఒంగోలు, నెల్లూరులలో హోటళ్లు పెట్టేవాళ్లకు సలహాలు ఇస్తూ నేను చూసింది ఏమిటంటే, సరుకులకు అమ్మకాల్లో మూడో వంతు, జీతాలకు నాలుగో వంతు దాటకుండా, అద్దె పదో వంతు లోపల ఉంటేనే హోటలు ఊపిరి పీల్చుకుంటుంది. గోడల అలంకారానికి అప్పు తెచ్చినవాళ్లకు ఆ లెక్క మొదటి నెలలోనే తప్పుతుంది. మన పట్టణాల్లో బొమ్మరైలు పళ్లాలు తెచ్చే హోటళ్లు, జైలు గదుల్లాంటి హోటళ్లు వచ్చాయి. జనం ఒకసారి వచ్చి ఫోటో దిగారు, రెండోసారి కారందోసె తినడానికి పాత చోటికే వెళ్లారు. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు పోగొట్టుకున్నది మినీ బైపాస్ మీద కట్టగలిగింది కాదు. నెల్లూరులో మీరు పరాయివాళ్లు కారు, గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరి అబ్బాయో అందరికీ తెలుసు. ఎనిమిది మంది ఉమ్మడిగా పెట్టిన హోటలులో గల్లా దగ్గర రోజుకు పద్నాలుగు గంటలు కూర్చునేది ఎవరన్న ప్రశ్న దగ్గర స్నేహాలు చెడటం కూడా నేను చూశాను. ఉన్న స్నేహాన్ని ఆ పందెంలో పెట్టకండి.

దానికి బదులు ఒక పని చేయండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక పాత మెస్సు మూతపడితే, దాని ముందునుంచి పోయే ప్రతివాడూ ఇక్కడ ఫలానా మెస్సు ఉండేదని పక్కవాడికి చెబుతాడు, అందువల్ల అది ఇంకొక తరం బతుకుతుంది. దుబాయిలో ఆ మాట చెప్పేవాడు మిగలడు, వీసా ముగియగానే చెప్పాల్సినవాళ్లే ఊళ్లకు వెళ్లిపోయారు. కాబట్టి ఆ కబుర్లు గుంపులో వచ్చి పోనివ్వకుండా ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఏ సంవత్సరం, ఏ బల్ల, ఎవరెవరు, ఎంత బిల్లు, ఏ పాట. అక్కడ వారాంతపు సెలవు గురువారం, శుక్రవారంగా ఉండి 2006లో శుక్రవారం, శనివారంగా, 2022లో శనివారం, ఆదివారంగా మారింది కనుక, గురువారం రాత్రి ఎందుకంత ముఖ్యమో రాయకపోతే మీ పిల్లలకు అర్థం కూడా కాదు. పుట్టినరోజున మా సిబ్బంది టోపీ పెట్టి తీసిన ఫోటోలు కావలిలో అమ్మల దగ్గర, అక్కల దగ్గర బీరువాల్లో ఉంటాయి. వెనక తేదీ వేసి ఉంటే అది కూడా ఫోటో తీసి పెట్టుకోండి.

మీరు అడగలేదు కానీ చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. మూతపడిన రోజున అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లలో వింజమూరు వైపు కుర్రాళ్లు ఇద్దరు ఉన్నారు, ఫోను చేసి ఏడ్చారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, మీ గుంపులో ఎవరికైనా అవసరం కావచ్చు. ఏడాది నిండిన ఉద్యోగికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ పైన ప్రతి ఏడాదికి 30 రోజుల మూలవేతనం లెక్కన గ్రాట్యుటీ రావాలి. ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో బాకీలన్నీ చెల్లించాలని అక్కడి ఇప్పటి చట్టం చెబుతోంది. లెక్క చూడకుండా, డబ్బు చేతికి రాకుండా అన్నీ ముట్టాయన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. వాళ్లిద్దరిలో ఒకడు గ్రిల్లు దగ్గర తొమ్మిదేళ్లు నిలబడ్డవాడు, షార్జాలోనో అబుదాబిలోనో మీవాళ్లకు తెలిసిన వంటగదిలో చోటు ఉంటే నాకు చెప్పండి.

నేను వచ్చేటప్పుడు పాత మెనూ కార్డు ఒకటి అడిగి తెచ్చుకున్నాను, 2003 నాటిది, చక్రం బొమ్మ ఉన్నది. వెనక అట్ట మీద ఆ చివరి రాత్రి నాతో పనిచేసినవాళ్లూ, అప్పుడు బల్లల దగ్గర ఉన్న కొందరూ సంతకాలు పెట్టారు. మొత్తం 23 ఉన్నాయి. వాటిలో మూడు తెలుగులో ఉన్నాయి, ఒకటి సుబ్బారాయుడు అని చదవగలుగుతున్నాను, మిగిలిన రెండు మసకబారాయి. రేపు పగటి వెలుతురులో ఫోటో తీసి పంపుతాను, మీ గుంపులో చూపించి అవి ఎవరివో అడిగి చెప్పండి.